కొట్లాడే కుందేళ్లకు జోడీ కుదర్చడం: నెమ్మదిగానా, ఒక్కపట్టునా?

ఏ పద్ధతి ఎంచుకున్నా ముందు రెండింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి. ఒంట్లో హార్మోన్లు తగ్గడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఆ లోపు కలిపితే ఏ పద్ధతీ పనిచేయదు. ఆపరేషన్ అయిన ఆడ, మగ జోడీ మిగతావాటికంటే తేలిగ్గా కుదురుతుంది.

నెమ్మది పద్ధతిలో బోన్లు పక్కపక్కనే పెడతారు. మధ్య నాలుగైదు అంగుళాల ఎడం ఉండాలి, లేకపోతే ఊచల సందుల్లోంచే ముక్కులు కొరుక్కుంటాయి. రెండు మూడు రోజులకోసారి వాటి మలమూత్రాల ట్రేలనో, ఏకంగా బోన్లనో ఒకదానివి ఇంకోదానికి మార్చాలి. ఒకదాని వాసన ఇంకోదానికి అలవాటు కావడమే ఇందులో అసలు కిటుకు. ఎవరి బోనులో అవి పక్క బోను వైపు ఊచలకు ఆనుకుని పడుకోవడం మొదలయ్యాక, రెండూ ఎప్పుడూ అడుగుపెట్టని చోట 10 నిమిషాలు వదలాలి. నేల జారకుండా చాప పరవండి, చేతులకు మందపాటి గ్లౌజులు వేసుకోండి. ఒకటి ఇంకోదాని మీదికెక్కడం పెత్తనం కోసమే, కాసేపు చూసి దించేస్తే చాలు. తల వైపు ఎక్కితే మాత్రం క్షణం ఆగొద్దు, కిందది మర్మాంగాన్ని కొరికేయొచ్చు. చెవులు వెనక్కి వాల్చి, తోక నిక్కించి, ఒకదాని వెంట ఒకటి గిర్రున తిరుగుతున్నాయంటే కొట్లాట రాబోతున్నట్టే. మధ్యలో అట్టముక్క అడ్డం పెట్టండి.

ఒక్కపట్టు పద్ధతిలో కొత్తచోట రెండింటినీ కలిపి, రెండు మూడు రోజులు విడదీయకుండా ఉంచుతారు. పని త్వరగా అవుతుంది, కానీ రాత్రంతా ఎవరో ఒకరు మేలుకుని కాపలా కాయాలి. తరుముకోవడంతో సరిపెట్టుకునే కుందేళ్లకైతే ఫర్వాలేదు. ఒకసారి రక్తం కళ్లజూసిన జంటకు వద్దే వద్దు.

కారులో తిప్పి భయపెడితే దగ్గరవుతాయని కొందరంటారు. అవి హత్తుకునేది భయంతో. బెదురు తీరగానే మళ్లీ కథ మొదటికొస్తుంది. పైగా బెదిరిన కుందేలు మేత మానేస్తే పేగుల కదలిక ఆగిపోతుంది, 12 గంటలు తినకపోతే ప్రాణం మీదికొస్తుంది.

కొట్లాడే జంటకు నెమ్మది పద్ధతే మేలు, నెలలు పట్టినా సరే. గొడవైన ప్రతిసారీ బొచ్చు పాయలు తీసి చర్మం చూడండి, చిన్న పంటిగాటు కూడా లోపల చీముపట్టొచ్చు. వరసగా 48 గంటలు తరుములాట లేకుండా గడిస్తేనే కాపలా మానాలి. గూడుకు రెండు దారులు, ట్రేలు రెండు ఉంచండి. జోడీ కుదిరాక డాక్టరు దగ్గరికి ఒకదాన్ని తీసుకెళ్లాల్సొచ్చినా రెండింటినీ తీసుకెళ్లండి. ఒక్కటే వెళ్లొస్తే ఆసుపత్రి వాసనకి రెండోది దాన్ని పరాయిదనుకుని మీదపడొచ్చు.