ఇంప్లాంట్ పళ్ళు పెట్టించుకుంటున్నారా? కంపెనీ పేరు, సైజు ఉన్న స్టిక్కర్ చేతికి రాకుండా డబ్బు మొత్తం కట్టొద్దు

‘జీవితాంతం గ్యారంటీ’ అని పెద్ద బోర్డులు పెట్టుకుంటారే, అలాంటి ఒక డెంటల్ క్లినిక్‌లో మా అమ్మకి కింది దవడలో ఇంప్లాంట్లు పెట్టించాం. స్క్రూలు దించారు, ఎముక పట్టేదాకా నెలల తరబడి ఆగమన్నారు, ఆగాం, తర్వాత వాటి పైన క్యాప్‌లు, అంటే పైకి కనిపించే పళ్ళు, బిగించారు. ఈమధ్య వెనక క్యాప్ కదలడం మొదలైంది. నొప్పి లేదు, వాపు లేదు, నమిలితే కదులుతోంది, అంతే. గ్యారంటీ ఉంది కదా అని వెళ్ళాం.

ఆపరేషన్ చేసిన డాక్టరు బయటినుంచి వచ్చే కన్సల్టెంటట, ఇప్పుడు రావట్లేదట. ఆయన బదులు ఉన్న కొత్త డాక్టరు నోట్లో అద్దం పెట్టి చూసి, ఎక్స్‌రే కూడా తీయకుండా, "ఇది ఫెయిలైంది, తీసేసి కొత్తది వేయాలి" అన్నాడు. గ్యారంటీ సంగతి అడిగితే అది ఎముకలో ఉండే స్క్రూకి మాత్రమేనట, సర్జరీకీ క్యాప్‌కీ మళ్ళీ పూర్తి డబ్బు కట్టాలట. ఈ మాట మొదట్లో ఎందుకు చెప్పలేదండీ అని అడిగితే నాకు జవాబు చెప్పకుండా అమ్మ వైపు తిరిగి, "నువ్వు సరిగ్గా తోముకోవు, షుగర్ కంట్రోల్లో పెట్టుకోవు, మమ్మల్నంటే ఎలా?" అన్నాడు. నువ్వట! మా అమ్మ వయసెంత, ఆయన వయసెంత? అసలు అమ్మకి షుగరే లేదు, ఆ సంగతి వాళ్ళ ఫైల్లోనే రాసి ఉంది, ఆ ఫైలు తెరిచి చూస్తే కదా. గది తలుపు తీసే ఉంది, బయట కూర్చున్నవాళ్ళందరూ విన్నారు. అమ్మ ఏమీ అనలేక తల దించుకుంది. అది తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు మండిపోతోంది.

వేరే డెంటిస్టు దగ్గరికి తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించాం. ఎముకలో దించిన స్క్రూ గట్టిగానే ఉంది, చుట్టూ ఎముక కరగలేదు. దాని పైన క్యాప్‌ని పట్టి ఉంచే అబట్‌మెంట్‌కి చిన్న స్క్రూ ఉంటుంది, అది వదులైంది. ఇంప్లాంట్లలో తరచూ వచ్చే సమస్యేనట, క్యాప్ తీసి బిగిస్తేనో, ఆ చిన్న స్క్రూ మార్చేస్తేనో సరిపోతుందట. కానీ ఒక్కో కంపెనీది ఒక్కో రకం, ఒకరి స్క్రూ ఇంకొకరిదాంట్లో సరిగ్గా కూర్చోదు. "ఏ కంపెనీదో, ఏ సైజో కనుక్కురండి, చేసేస్తాను" అన్నారావిడ.

పాత క్లినిక్‌కి ఫోన్ చేస్తే వచ్చిన సమాధానం: "ఆ వివరాలు పేషెంట్లకి ఇవ్వం." మా అమ్మ దవడ ఎముకలో ఉన్న వస్తువు పేరు మా అమ్మకి చెప్పరట! బాగున్న ఇంప్లాంట్‌ని పీకేసి మళ్ళీ డబ్బు గుంజాలని చూసినందుకంటే, ఈ మాటకే నాకు ఎక్కువ కోపం వచ్చింది. స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే డాక్టరు మొదటిసారి మనిషి దవడలో టైటానియం ఇంప్లాంట్ పెట్టింది 1965లో. ఆ తర్వాత ఎన్నెన్నో కంపెనీలు పుట్టుకొచ్చాయి కాబట్టే ఇంప్లాంట్ వచ్చే డబ్బా మీద కంపెనీ పేరు, సైజు, లాట్ నంబరు (ఏ బ్యాచ్‌లో తయారైందో చెప్పేది) ఉన్న స్టిక్కర్ వేస్తారు. అది కేస్ షీట్‌లో అంటించి పేషెంటుకీ ఒకటి ఇవ్వడానికి వీళ్ళకేం కష్టం?

వివరాలు ఇమ్మని రాతపూర్వకంగా అడిగాం, ఇంకా ఉలుకూ పలుకూ లేదు. అమ్మ ఒక పక్కనే నములుతోంది.

మీరు వెళ్ళేముందు గ్యారంటీ దేనికి, దేనికి కాదు అన్నది కాగితం మీద రాయించుకోండి. ఆపరేషన్ చేసే డాక్టరు అక్కడే ఉంటారా, వచ్చిపోతారా అడగండి. కదిలితే వెంటనే పీకించేయకండి, ముందు ఇంకో చోట ఎక్స్‌రే తీయించి చూపించండి. స్క్రూ దించిన రోజే ఆ స్టిక్కర్ తీసుకుని ఫోటో తీసి పెట్టుకోండి, వాళ్ళు ‘ఇవ్వం’ అంటే అక్కడితో ఆగిపోండి, మిగతా డబ్బు కట్టొద్దు.