మా ఊసరవెల్లిని బతికించిన క్లినిక్ (హెణ్ణూరు వైపు) – వెళ్ళే ముందు ఇది చదవండి

ఐదుకి నాలుగున్నర ఇస్తున్నా, ఆ అర ఎందుకు తగ్గించానో కింద రాశా. పొడుగ్గా ఉంటుంది కానీ బెంగళూరులో ఊసరవెల్లి పెంచుతున్న తెలుగువాళ్ళు ఎవరైనా ఉంటే ప్లీజ్ పూర్తిగా చదవండి, ఎందుకంటే నేను మూడు నెలల క్రితం ఇలాంటిది ఒకటి చదివి ఉంటే మా వాడికి చేతులు వంకరపోయేవి కాదు.

మేము మారతహళ్ళిలో ఉంటాం, సొంతూరు అనంతపురం. మా దగ్గరున్నది వెయిల్డ్ కమీలియన్, మగది, పేరు పచ్చోడు. మన పొలాల్లో కనిపించే ఊసరవెల్లి కాదండి, అది యెమెన్, సౌదీ కొండల వైపుది, నెత్తి మీద కిరీటంలా ఎత్తుగా ఉంటుంది. ఆఫీసులో కొలీగ్ కెనడా వెళ్ళిపోతూ నాకిచ్చాడు, అప్పటికి దానికి నాలుగు నెలలు. పరివేష్ అనే కేంద్ర పర్యావరణ శాఖ పోర్టల్‌లో వాడు చేసుకున్న రిజిస్ట్రేషన్, నా పేరుకి మార్చిన కాగితం రెండూ ఉన్నాయి. 2024లో వచ్చిన రూల్స్ ప్రకారం ఇలాంటి విదేశీ జంతువు ఇంట్లో ఉంటే ఆ పోర్టల్‌లో చెప్పాల్సిందే, చేతులు మారినా చెప్పాలి, పిల్లలు పుట్టినా చనిపోయినా చెప్పాలి. క్లినిక్‌లో కూడా మొదట అదే అడిగారు, నాకు నచ్చింది.

కొలీగ్ దాన్ని చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఇచ్చాడు కాబట్టి ఇల్లు మేమే ఏర్పాటు చేయాలి కదా, ఒక పెట్ షాప్‌కి వెళ్తే వాళ్ళు గ్లాస్ ట్యాంక్, మెలికలు తిరిగిన చిన్న యూవీ బల్బు, రాత్రికి ఎర్ర బల్బు, నీళ్ళ గిన్నె అన్నీ కలిపి 7,500కి ఇచ్చి ఇంకేం అక్కర్లేదు సార్ అన్నారు. నేను నమ్మా. రోజూ గిన్నెలో నీళ్ళు మార్చేవాణ్ణి, అది ఒక్కసారి కూడా అందులో మూతి పెట్టలేదు, రాత్రి నేను నిద్రపోయాక తాగుతుందేమో అనుకున్నా.

రెండు నెలలు బాగానే ఉన్నట్టు అనిపించింది. తర్వాత ఒకరోజు కీచురాయి మీదకి నాలుక విసిరితే సగం దూరమే వెళ్ళి వెనక్కొచ్చింది, మళ్ళీ విసిరింది మళ్ళీ అంతే. వీటి నాలుక ఒంటి పొడుగు కంటే ఎక్కువ దూరం వెళ్తుంది, అలాంటిది రెండంగుళాల దూరంలో ఉన్న పురుగు అందట్లేదు. ఇంకో వారానికి కొమ్మ పట్టుకుంటే చేతులు వణకడం, మోచేతి దగ్గర విల్లులా వంగడం, పగలు పదకొండింటికి కళ్ళు మూసుకుని కూర్చోవడం మొదలైంది. పగటిపూట కళ్ళు మూసుకున్న ఊసరవెల్లి అంటే నిద్రపోతోందని కాదండి, జబ్బుతో ఉందని, దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. దగ్గర్లో కుక్కల డాక్టర్లు ముగ్గురికి ఫోన్ చేశా, మేము ఇవి చూడం అన్నారు, అది వాళ్ళ తప్పు కాదు. ఆఖరికి అపార్ట్‌మెంట్ గ్రూపులో చిలకలు పెంచే ఆవిడ ఈ క్లినిక్ నంబర్ ఇచ్చారు.

వాట్సాప్‌లో బుక్ చేసినప్పుడే వాళ్ళు పంపిన మెసేజ్ చూసి సగం ధైర్యం వచ్చింది. చిన్న అట్టపెట్టెలో ఒక పుల్ల అడ్డంగా బిగించి దాని మీద కూర్చోబెట్టండి, పెట్టె మూసేయండి, చీకటిగా ఉంటే కంగారుపడదు, కారులో ఏసీ గాలి నేరుగా తగలనివ్వకండి, కేజ్ ఫోటోలు, బల్బు అట్టపెట్టె ఫోటో, దాని రెట్ట ఫోటో తీసుకురండి అని. రింగ్ రోడ్డు మీద గంటంపావు పట్టింది, పెట్టె ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నా.

డాక్టర్ గారిది కోలార్, తెలుగు చక్కగా మాట్లాడతారు. నేను పెట్టె తెరవబోతుంటే "ఆగండి, ముందు దాని ఇల్లు చూపించండి, దాన్ని తర్వాత చూస్తా" అన్నారు. ఫోన్‌లో ఫోటోలు ఒక్కొక్కటి పెద్దది చేసి చూస్తూ పదిహేను నిమిషాలు ప్రశ్నలే. లైటు ఎన్ని గంటలు, కొమ్మకి లైటుకి ఎంత దూరం, పురుగులకి మీరేం తినిపిస్తారు, వాటికి అద్దే కాల్షియం పౌడర్ ఏది, నీళ్ళు ఎలా ఇస్తున్నారు. నేను గిన్నె అనగానే తల ఊపి "చెట్టు మీద బతికేదానికి గిన్నెలో నీళ్ళు నీళ్ళని ఎలా తెలుస్తాయండీ, ఆకు మీద చుక్క మెరిస్తే నాకుతుంది" అన్నారు. రెట్టలో తెల్లగా ఉండాల్సిన భాగం నారింజ రంగులో ఉంది, ఒంట్లో నీళ్ళు లేవని అది మాకు రోజూ చెప్తూనే ఉంది, మాకే చదవడం రాలేదు.

తర్వాత పచ్చోణ్ణి తీశారు, తీశారు అంటే పట్టుకోలేదు, చెయ్యి కింద నుంచి పెట్టి అదే ఎక్కేదాకా ఆగారు. పై నుంచి చెయ్యి వస్తే దానికి గద్ద వచ్చినట్టే అట. దవడ మెల్లగా నొక్కి చూశారు, మెత్తగా ఉంది. ఎక్స్‌రేలో ఎముకలు ఉండీ లేనట్టు, పల్చటి గీతల్లా కనిపించాయి. మెటబాలిక్ బోన్ డిసీజ్, అంటే ఎముకలు మెత్తబడే జబ్బు అన్నారు. ఆయన చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తా. యూవీబీ అంటే ఎండలో ఉండే, కంటికి కనిపించని ఒక రకం కిరణాలు, అవి చర్మం మీద పడితేనే ఒంట్లో విటమిన్ డీ3 తయారవుతుంది, డీ3 లేకపోతే తిన్న కాల్షియం పేగుల్లోంచి ఒంటికి పట్టదు, కానీ గుండెకి కండరాలకి కాల్షియం కావాలి కాబట్టి ఒళ్ళు దాన్ని ఎముకల్లోంచి లాగేస్తుంది. నాలుక కూడా కండరమే కదా, అందుకే సగం దూరంలో ఆగిపోయింది. దానికితోడు కీచురాళ్ళలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ, పౌడర్ అద్దకుండా వేస్తే ఉన్నది కూడా పోతుంది. నేను అద్దకుండానే వేశా, రెండు నెలలు.

మరి బల్బు ఉంది కదా డాక్టర్ గారూ అంటే, ఆ చిన్న బల్బు యూవీ కొంచెం దూరం పోగానే తగ్గిపోతుందని, పైగా ట్యాంక్ మీద గాజు మూత ఉంది, గాజు యూవీబీని ఆపేస్తుంది అని చెప్పారు. కిటికీ పక్కన పెడితే ఎండ వస్తుందిలే అనుకునేవాళ్ళు కూడా ఇది గమనించండి, కిటికీ అద్దం దాటి వెలుతురు, వేడి వస్తాయి కానీ యూవీబీ రాదు. ఎర్ర బల్బు కూడా తీయించేశారు, ఆ వెలుతురు దానికి కనిపిస్తుందట, మేము రెండు నెలలు దాన్ని సరిగ్గా నిద్రపోనివ్వలేదన్నమాట. ఇది విన్నప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది.

ట్రీట్‌మెంట్ కింద నోట్లో చుక్కలుగా లిక్విడ్ కాల్షియం, వారం వారం బరువు, కొమ్మలు వీలైనంత కిందకి దించడం, పడితే ఎముక విరుగుతుంది కాబట్టి. మిగతాది అంతా ఇల్లు మార్చడమే. టీ5 అనే సన్నటి రకం యూవీబీ ట్యూబు, రెండడుగులది, ఆరు శాతం యూవీబీ ఇచ్చేది, కేజ్ పైనున్న మెష్ మీద పెట్టి, కింద ఎండకాగే కొమ్మ మీద వాడు కూర్చుంటే వీపుకి ట్యూబుకి తొమ్మిది పది అంగుళాల దూరం ఉండేలా కట్టాం, పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా టైమర్. ఆ కొమ్మ దగ్గర 30 డిగ్రీలు, కింద ఆకుల్లో 24, 25. కేజ్ రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, నాలుగడుగుల ఎత్తు, నాలుగు వైపులా గాలి ఆడాలన్నారు, గ్లాసులో తడి గాలి నిలిచి ఊపిరితిత్తులకి ఇన్ఫెక్షన్ వస్తుందట. ఇది బయట కొనకుండా మా కిటికీలకి దోమల మెష్ వేసిన అతన్నే పిలిచి అల్యూమినియం ఫ్రేములో చేయించా, 4,500 అయింది, బ్రహ్మాండంగా చేశాడు. లోపల మనీ ప్లాంట్, మందారం పెట్టాం. నర్సరీ మొక్కలకి మందు కొడతారు కాబట్టి ఆకులు బాగా కడిగి, మట్టి మార్చి, మూడు వారాలు బాల్కనీలో ఉంచి అప్పుడు లోపల పెట్టాం, ఎందుకంటే వెయిల్డ్ కమీలియన్లు ఆకులు కూడా తింటాయి. నీళ్ళు పొద్దున, సాయంత్రం స్ప్రే, మధ్యాహ్నం పైనుంచి చుక్కలు పడేలా చిన్న పైపు. మాది ట్యాంకర్ నీళ్ళు, నాజిల్ పది రోజులకే తెల్లగా పట్టేసింది, ఇప్పుడు ఆర్‌ఓ నీళ్ళే వాడుతున్నాం.

పురుగులకి మనం పెట్టేదే చివరికి దాని పొట్టలోకి వెళ్తుంది అని డాక్టర్ గారు రెండుసార్లు చెప్పారు. నేను పాలకూర పెట్టేవాణ్ణి, అందులో ఉండే ఆక్సలేట్ అనే పదార్థం కాల్షియంని ఒంటికి పట్టనివ్వదు, మునగాకు, క్యారెట్ పెట్టండి అన్నారు. మామూలు కాల్షియం ప్రతిసారీ పల్చగా అద్దాలి, డీ3, మల్టీవిటమిన్ కలిసినది నెలకి రెండుసార్లే, డీ3 ఎక్కువైతే ఒంట్లో పేరుకుని అదో జబ్బు. లైట్ల కింద తిరిగే పురుగులు పట్టి వేయొద్దన్నారు, అపార్ట్‌మెంట్లలో మందు కొడతారు, మిణుగురులైతే విషమే.

మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు "తొండ ముదిరి ఊసరవెల్లి అయిందంటారు, ఏందిరా ఇది, హాల్లో పెట్టుకున్యారు" అని గడప దాటలేదు. రంగులు మారుస్తుంది, విషం అని చిన్నప్పటి నుంచి విన్నదే కదా. విషం ఏమీ లేదు. రంగు కూడా వెనకున్న గోడని బట్టి మార్చదు, దాని మూడ్, వేడి, భయం బట్టి మారుతుంది. 2015లో జెనీవా యూనివర్సిటీ వాళ్ళు పాంథర్ కమీలియన్ల మీద చూసి చెప్పారు, చర్మంలో చిన్న చిన్న స్ఫటికాలు దగ్గరైనా దూరమైనా రంగు మారుతుందని. పెంచేవాళ్ళకి ఇది పనికొచ్చే విషయం, పచ్చోడు ముదురు రంగులోకి వెళ్ళి ఒళ్ళు పక్కల నుంచి పల్చగా చేసుకున్నాడంటే నేను దూరం జరగాలి. వాణ్ణి ముద్దు చేయడానికి చేతుల్లోకి తీసుకోవడం మానేశాం, కేజ్ ముందు కుర్చీ వేసుకుని చూస్తాం, అంతే.

ఊళ్ళో మా బావ "మా చేల్లో ఉంటాయి, ఒకటి తెచ్చి జత కడదాం" అన్నాడు. వద్దని గట్టిగా చెప్పా. మన ఊసరవెల్లిని పట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, పైగా ఇవి ఒంటరిగా బతికేవి, రెండోది కనిపిస్తేనే దీనికి కంగారు.

ఇప్పుడు ఆ తగ్గించిన అర స్టార్ సంగతి. వెయిటింగ్ హాలు ఒక్కటే, కుక్కలు, పిల్లులు అన్నీ అక్కడే, మేము వెళ్ళిన రోజు ఒక పెద్ద కుక్క మొరిగినంతసేపూ పెట్టెలో వీడు కదిలాడు. రెండోసారి కారులోనే కూర్చుని వాళ్ళు ఫోన్ చేశాక లోపలికి వెళ్ళాం, మీరూ అలాగే చేయండి. ఆదివారం ఎవరూ ఉండరు, ఎమర్జెన్సీకి ఇంకో నంబర్ ఇస్తే బాగుండు. డబ్బులంటారా, కన్సల్టేషన్ 900, ఎక్స్‌రే 1,100, మందు 340. అవసరం లేని ఇంజెక్షన్లు, టెస్టులు ఏవీ రాయలేదు, ఏది ఎందుకో కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు.

ఆరు వారాల తర్వాత మళ్ళీ వెళ్ళాం. వంటింటి కాటా మీద 38 గ్రాములు ఉన్నవాడు 57 అయ్యాడు, ఎక్స్‌రేలో ఎముకలు తెల్లగా కనిపించాయి, రెట్ట తెల్లగా వస్తోంది. ఎడమ మోచెయ్యి వంకర మాత్రం అలాగే ఉంటుంది, అది తిరిగి రాదని డాక్టర్ గారు మొదటి రోజే చెప్పారు, దాచలేదు. పోయిన వారం దూరంగా ఉన్న కీచురాయిని ఒక్క విసురుకి పట్టాడు, అమ్మ కూడా చూసింది. ఇప్పుడు పొద్దున్నే కింద గార్డెన్‌లోంచి కాకుండా మా బాల్కనీ కుండీలోంచే, మందు కొట్టని మందారం ఆకు ఒకటి తెంపి కడిగి ఆవిడే కొమ్మకి తగిలిస్తోంది.

ట్యూబు చివర కొన్న తేదీ మార్కర్‌తో రాయించారు, వెలుగు బాగానే కనిపించినా సంవత్సరానికి యూవీబీ తగ్గిపోతుంది, అప్పుడు మార్చాలట. వెళ్ళేవాళ్ళు మంగళవారం లేదా శనివారం సాయంత్రం స్లాట్ అడగండి, కుక్కలు తక్కువుంటాయి. పాత బల్బు అట్టపెట్టె పారేయకుండా తీసుకెళ్ళండి.