9 డిగ్రీల వంపు అని రాసి తిన్నటి హ్యాండిల్ అంటగడుతున్నారు, జాగ్రత్త

మౌంటెన్ బైక్‌కు ఆన్‌లైన్‌లో హ్యాండిల్ బార్ కొనబోతున్నవారు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. ముఖ్యంగా "కార్బన్ ఫైబర్, వెడల్పు 780 మిల్లీమీటర్లు, బ్యాక్ స్వీప్ (చివరలు మన వైపుకు, వెనక్కి వంగే కోణం) 9 డిగ్రీలు" అని రాసి, పేరున్న కంపెనీల కార్బన్ బార్ ధరలో చిన్న వంతుకే ఇస్తామంటున్న వస్తువు కనిపిస్తే ఇంకా జాగ్రత్తగా ఉండండి. అలాంటిదే నేను తెప్పించాను. వెడల్పు చెప్పినంతే ఉంది, వంపు మాత్రం చెప్పినంత లేదు.

బిగించాక అనంతగిరి కొండల వైపు వెళ్లాను. వికారాబాద్ దాటి ఎక్కుడు మొదలయ్యేసరికి కుడిచేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కాయి. చేయి విదిలిస్తే కాసేపు తగ్గుతుంది, మళ్లీ మొదలవుతుంది. ఇంటికొచ్చి తాళంచెవి తిప్పబోతే ఆ రెండు వేళ్లలో పట్టు లేదు. పాత హ్యాండిల్ మళ్లీ బిగించాను. సీటు, స్టెమ్ (హ్యాండిల్‌ను సైకిల్‌కు పట్టి ఉంచే భాగం), గ్రిప్పులు ఏవీ మార్చలేదు. తిమ్మిరి పోయింది.

అప్పుడు కొత్తదాన్ని బల్ల మీద పెట్టి కొలిచాను. మధ్యలో స్టెమ్ పట్టుకునే తిన్నటి భాగానికి స్కేలు ఆనించి, ఆ గీతను చివరిదాకా పొడిగించి, అక్కడి నుంచి బార్ ఎంత వెనక్కి జరిగిందో చూశాను. వంపు మొదలైన చోటు నుంచి చివరకు 25 సెంటీమీటర్లు. అంత పొడవులో 9 డిగ్రీల వంపు ఉంటే చివర దాదాపు 4 సెంటీమీటర్లు వెనక్కి రావాలి. 5 డిగ్రీలైతే 2 సెంటీమీటర్ల పైచిలుకు. నాకు వచ్చినదానిలో ఒక సెంటీమీటరు దాటి కొంచెం, అంటే సుమారు 3 డిగ్రీలు.

ఆరు డిగ్రీల తేడా ఏపాటిది అనుకోకండి. చేయి ముందుకు చాచి పిడికిట్లో ఒక పెన్సిల్ పట్టుకుని చూడండి. అది ముంజేతికి సరిగ్గా అడ్డంగా నిలవదు, చిటికెన వేలి వైపు చివర కాస్త మన వైపుకు వాలుతుంది. హ్యాండిల్‌కు వెనక్కి వంపు ఇచ్చేది ఈ సహజమైన వాలు కోసమే. బార్ తిన్నగా ఉంటే మణికట్టు బొటనవేలి వైపు వంగాల్సి వస్తుంది, ఒంటి బరువు అరచేతి బయటి అంచు మీద పడుతుంది. చిటికెన వేలికీ ఉంగరపు వేలిలో సగానికీ స్పర్శనిచ్చే అల్నార్ నరం అరచేతిలోకి దిగేది సరిగ్గా అక్కడే. వెడల్పు పెరిగేకొద్దీ చేతులు పక్కలకు విచ్చుకుంటాయి కాబట్టి అదే తిన్నటి బార్ 680 మిల్లీమీటర్ల వెడల్పులో కంటే 780లో ఎక్కువ బాధిస్తుంది.

డౌన్‌హిల్ పోటీల్లో 800 మిల్లీమీటర్ల బార్లు వాడతారు కదా అనవచ్చు. వాళ్లు పెడల్స్ మీద నిలబడి, మోచేతులు బయటికి పెట్టి, కొద్ది నిమిషాల్లో కిందికి దిగేస్తారు. ఆ భంగిమలో తక్కువ వంపు సరిపోతుంది. మనలో చాలామంది గంటల తరబడి కూర్చుని తొక్కేవాళ్లం. మన లెక్క వేరు.

అమ్మినవారి జవాబు నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించింది. మొదట జెల్ గ్రిప్పులు వేసుకోమన్నారు, తర్వాత మెత్తటి గ్లోవ్స్ కొనుక్కోమన్నారు. వంపు గురించి అడిగితే "ఒకసారి బిగించిన వస్తువు వెనక్కి తీసుకోం" అన్నారు. బిగించకుండా, తొక్కకుండా హ్యాండిల్ ఎలా ఉందో ఎవరికి తెలుస్తుంది? గ్రిప్పు ఎంత మెత్తగా ఉన్నా మణికట్టు వంగే కోణాన్ని మార్చలేదు. నొప్పితో ఉన్న మనిషికి ఇంకో రెండు వస్తువులు అమ్మజూడటం చాలా తప్పు.

ఇంకో సంగతి చేతినొప్పి కంటే ప్రమాదకరం. ఆ బార్ మీద స్టెమ్‌ను ఎంత బలంతో బిగించాలో ఎక్కడా రాసి లేదు. మంచి కార్బన్ బార్ల మీద ఆ అంకె ముద్రించి ఉంటుంది, సాధారణంగా 5 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల. సైకిళ్ల భద్రతా పరీక్షల ప్రమాణమైన ఐఎస్ఓ 4210 ప్రస్తావన కూడా లేదు. విప్పి చూస్తే స్టెమ్ అంచు ఆనిన చోట వెంట్రుకవాసి గీత కనిపించింది. అది పైపూతకే పరిమితమో, లోపలి పొరల్లోకి దిగిందో కంటితో చెప్పలేం. అల్యూమినియం చాలాసార్లు వంగి హెచ్చరిస్తుంది, కార్బన్ మాత్రం ఉన్నట్టుండి విరుగుతుంది. దిగుడులో అది జరిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. తక్కువ ధరలో కొనాలంటే దయచేసి మంచి అల్యూమినియం బార్ కొనండి. బరువు కాస్త పెరిగితే పెరిగింది.

కొనే ముందు వెడల్పు ఒక్కటే చూసి ఆగకండి. బ్యాక్ స్వీప్, అప్ స్వీప్ (చివరలు పైకి వంగే కోణం), రైజ్ (మధ్య భాగం కంటే చివరల వైపు బార్ ఎంత ఎత్తుకు లేస్తుందో) ఎంతెంతో అమ్మేవారిని రాతపూర్వకంగా అడగండి. పైనుంచి తీసిన ఫొటో పంపమనండి, ఎదురుగా తీసిన ఫొటోలో వెనక్కి వంపు తెలియదు. మీ స్టెమ్ బార్‌ను పట్టుకునే చోట వ్యాసం 31.8 మిల్లీమీటర్లా, 35 మిల్లీమీటర్లా చూసుకోండి. పాత సైకిళ్లలో 25.4 కూడా ఉంటుంది. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి, బిగించకముందే స్కేలు పెట్టి కొలవండి. కొలత తేలేదాకా వెడల్పు తగ్గించడానికి చివరలు కోయవద్దు.

ఇప్పటికే కొని ఇబ్బంది పడుతున్నవారు సీటు ముక్కు కిందికి వాలి ఉందేమో కూడా చూసుకోండి, దానివల్ల కూడా బరువు చేతుల మీదకు వస్తుంది. సైకిల్ దిగాక కూడా తిమ్మిరి పోకపోయినా, వేళ్లలో బలం తగ్గినా డాక్టరుకు చూపించండి.

"బిగించారు కాబట్టి తీసుకోం" అన్న మాటకు తలొగ్గవద్దు. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోవడానికి అమ్మకందారు నిరాకరించకూడదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. ప్రకటన పేజీ ఫొటో, బిల్లు, స్కేలుతో కొలుస్తున్న ఫొటో, వారితో జరిగిన సంభాషణ దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి. పేజీ ఫొటో ఈరోజే తీసి పెట్టుకోండి. నేను ఫిర్యాదు చేసిన తర్వాత ఆ పేజీలో "9 డిగ్రీలు" అన్న మాట తీసేశారు, వస్తువు మాత్రం అదే ధరకు ఇంకా అమ్ముతున్నారు.