అనంతపురం వానకు ఆక్వా మేలా, ఇన్సాట్ మేలా?

పొగ, దుమ్ము మన వానను తగ్గిస్తున్నాయా? తాడిపత్రి, ఎర్రగుంట్ల దారిలో సిమెంటు ఫ్యాక్టరీలు చూసినవాళ్లకు ఈ అనుమానం రాకమానదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే అనంతపురంలో ఇది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. తేల్చడానికి నాసా వాళ్ల ఆక్వా ఉపగ్రహం మేలా, ఇస్రో వాళ్ల ఇన్సాట్-3డీఆర్ ఉపగ్రహం మేలా?

ఆవిరి నీరు కావాలంటే మబ్బులో పొగ, దుమ్ము లాంటి సన్నని రేణువులు ఉండాలి. అవి మరీ ఎక్కువైతేనే చిక్కు. పదిమందికి కెలికిన సంగటి వందమందికి పెట్టినట్టు, ఉన్న నీళ్లన్నీ ముక్కలుముక్కలుగా పంపకమైపోతాయి. బిందువులు చిన్నవిగా మిగిలి, ఒకదాంతో ఒకటి కలవవు. మబ్బు పైభాగంలో వాటి వ్యాసార్ధం సుమారు 14 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) చేరితే గానీ వాన మొదలవడం కష్టం. ఈ కొలతను ఆక్వా మీదున్న మోడిస్ పరికరం కిలోమీటరు చదరానికొకటి చొప్పున ఇస్తుంది. 2002 నుంచి డేటా ఉంది, అదీ ఉచితంగా. నా ఓటు దీనికే.

కానీ అది పగలు ఒక్కసారి, మధ్యాహ్నం పూట వచ్చి వెళ్లిపోతుంది. సెప్టెంబర్‌లో మన వానలు ఎక్కువగా సాయంత్రమో రాత్రో కదా! పైగా గాలిలోని రేణువులను మబ్బు లేనిచోటే కొలవగలదు. మబ్బు పక్కన తేమకు ఉబ్బిన రేణువులు కాలుష్యం ఎక్కువున్నట్టు చూపిస్తాయి. "దుమ్ము ఎక్కువ, వాన తక్కువ" అని గ్రాఫ్ వస్తే, దుమ్ము వానను ఆపిందా, కడిగే వాన లేక దుమ్ము నిలిచిందా? గ్రాఫ్ చెప్పదు.

ఏది ముందో చూడాలంటే ఇన్సాటే గతి. 36,000 కిలోమీటర్ల ఎత్తునుంచి అరగంటకో ఫొటో తీస్తుంది. కళ్యాణదుర్గం మీద మూడింటికి లేచిన మబ్బు రాత్రికి ఏమైందో వరుసగా చూడొచ్చు. చూపు మాత్రం మోటు: మోడిస్‌కు 36 బ్యాండ్లుంటే (బ్యాండ్ అంటే కొలిచే ఒక్కో కాంతి రకం) దీని ఫొటోలు తీసే పరికరానికి, అంటే ఇమేజర్‌కు, ఆరే.

ఫ్యాక్టరీలను తిట్టేముందు ఒకమాట. రేణువు ఏ రకమో ఉపగ్రహాలు సరిగా చెప్పలేవు. పెద్ద రేణువులు కొన్ని చినుకును త్వరగా పెంచుతాయి కూడా. రేణువు రకం తేల్చాలంటే శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఉన్నలాంటి నేల మీది పరికరాలు కావాల్సిందే.

వాన లెక్కకు జీపీఎం (ఉపగ్రహాలతో వానను కొలిచే కార్యక్రమం) డేటా తీసుకున్నా, మండలం రెయిన్‌గేజ్‌ను వదలకండి. జీపీఎం చదరం సుమారు 10 కిలోమీటర్లు. ఒక చేను తడిసి పక్క చేను ఎండే మన వాన అందులో సగటైపోతుంది.