పిల్లల భరణం వసూలు: జైలా, జీతం కోతా, సర్కారే ముందు కట్టడమా – ఏది మేలు?

మా పిన్ని కూతురికి 2022లో ఫ్యామిలీ కోర్టు ఆర్డర్ వచ్చింది. బాబుకు నెలకు 6 వేలు తండ్రి కట్టాలి. ఆర్డర్ కాపీ చేతికొస్తే డబ్బు చేతికొచ్చినట్టే అనుకుని ఇంట్లో పాయసం కూడా చేశారు. మూడు నెలలు డబ్బు పడింది, నాలుగో నెల ఆగింది. ఇవాళ వేస్తాడు, రేపు వేస్తాడు అని పద్నాలుగు నెలలు ఓపిక పట్టింది. తీరా లాయరు దగ్గరికి వెళ్తే ఆయన మొదట అడిగిన మాట, "ఇంతకాలం ఏం చేశారమ్మా?"

మనోవర్తి అనండి, భరణం అనండి, అందులో ఆర్డర్ తెచ్చుకోవడం ఒక కేసు. ఆ ఆర్డర్ ప్రకారం డబ్బు రాబట్టడం ఇంకో కేసు. ఈ రెండో కేసు దగ్గరే అన్ని దేశాల ప్రభుత్వాలూ తల పట్టుకున్నాయి. ముఖ్యంగా మూడు దారులు కనిపిస్తాయి. ఎగ్గొట్టాక శిక్షించడం మన దారి. ఎగ్గొట్టే అవకాశమే లేకుండా జీతంలో ముందే కోసేయడం అమెరికా దారి. పిల్లలకు సర్కారే ముందు కట్టేసి, తర్వాత తండ్రి వెంట పడటం జర్మనీ దారి. ఏ దారిలో శిక్ష గట్టిగా ఉందన్నది నేను చూడలేదు. నెలనెలా తిరగాల్సింది ఎవరు? నా లెక్కంతా దాని మీదే.

ముందు మన సంగతి. భరణం గురించి చెప్పే పాత సీఆర్‌పీసీ (నేర విచారణ చట్టం) 125 సెక్షనే, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 144 అయింది. నంబరు మారింది గానీ వసూలు పద్ధతి మారలేదు. డబ్బు కట్టకపోతే తల్లి మళ్లీ పిటిషన్ వేయాలి. కోర్టు వారంట్ ఇస్తుంది, జప్తు చేయమంటుంది, అప్పటికీ కట్టకపోతే ఒక నెల దాకా జైలు. జైలుకు వెళ్లొస్తే బాకీ తీరిపోయినట్టు కాదని సుప్రీంకోర్టు 1989లోనే కుల్దీప్ కౌర్ కేసులో తేల్చింది. అయినా "జైలుకైనా పోతా గానీ పైసా ఇవ్వను" అనే మొగుళ్లు ఇప్పటికీ కోర్టు వరండాల్లో తగులుతూనే ఉంటారు.

చట్టంలో ఇంకో మెలిక ఉంది. డబ్బు ఇవ్వాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపు అడిగితేనే దానికి వారంట్ ఇస్తారు. మా పిన్ని కూతురు ఓపిక పట్టిన పద్నాలుగు నెలల్లో మొదటి నెలల బకాయికి ఆ దారి అలాగే మూసుకుపోయింది. సర్దుకుపోయినవాళ్లకు చట్టం వేసిన జరిమానా అది. ఇక వారంట్ సంగతి. "ఇంట్లో లేడు" అన్న ముక్కతో అది రెండుసార్లు వెనక్కి వచ్చింది. ప్రతి వాయిదాకూ ఆమెకు ఒకరోజు కూలీ పోయినట్టే. పైగా బడి ఫీజు వాయిదాల కోసం ఆగదు, జూన్‌లో కట్టాల్సిందే.

మన దారిలో మంచి లేదని అనను. నెలకు 500 మించి ఇవ్వకూడదన్న పాత పరిమితిని 2001లో ఎత్తేశారు. 2020 నవంబరులో రజనీష్ వర్సెస్ నేహా తీర్పులో సుప్రీంకోర్టు ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం అఫిడవిట్‌లో రాసివ్వాలంది. భరణం పిటిషన్ వేసిన రోజు నుంచే లెక్కగట్టాలంది. బాకీ డబ్బు కట్టమని సివిల్ కోర్టు ఇచ్చే డిక్రీని (తీర్పు ఉత్తర్వును) అమలు చేసినట్టే దీన్నీ అమలు చేయొచ్చంది. కానీ ఇవన్నీ ఆర్డర్ బలం పెంచేవి, తిరిగే కాళ్లు మాత్రం తల్లివే. జైలు భయం పనిచేసేది కూడా పరువుకు భయపడేవాడి మీదే. అలాంటి వ్యాపారి కోర్టు గుమ్మంలోనే డబ్బు తెప్పించి కడతాడు. రోజుకూలీని నెల రోజులు లోపల పెడితే ఆ నెల సంపాదన కూడా పోతుంది. అప్పుడిక ఎవరికీ ఏమీ మిగలదు.

అమెరికా కథ వేరు. అక్కడ 1975లో ఈ వసూలు కోసమే కేంద్ర ప్రభుత్వం ఒక పథకం పెట్టింది, రాష్ట్రాలు ఆఫీసులు తెరిచాయి. 1984లో, బకాయి పడితే జీతంలో కోయాలని చట్టం చేశారు. అదీ ఆలస్యమే అవుతోందని 1988 చట్టంతో బకాయి దాకా ఆగకుండా మొదటి నెల నుంచే కోత పెట్టే పద్ధతికి మళ్లారు. తండ్రి ఉద్యోగం మారితే? 1996లో దానికీ మందు కనిపెట్టారు. కొత్తగా ఎవరిని పనిలో పెట్టుకున్నా యజమాని 20 రోజుల్లోపు సర్కారుకు పేరు పంపాలి. ఆ జాబితాను భరణం బాకీల జాబితాతో సరిపోల్చి, కొత్త కంపెనీకి కోత నోటీసు పంపేస్తారు. తల్లి ఇంట్లోంచి కదలక్కర్లేదు. ఇది కాక, ఆదాయపు పన్ను రీఫండ్‌ను పట్టుకుంటారు, డ్రైవింగ్ లైసెన్సు ఆపుతారు, బాకీ 2,500 డాలర్లు దాటితే పాస్‌పోర్టు ఇవ్వరు.

జీతం జప్తు మనకూ కొత్త కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం మామూలు అప్పుకు జీతంలో కొంతే ముట్టుకోవచ్చు, భరణం డిక్రీకైతే మూడింట రెండు వంతుల దాకా పట్టొచ్చు. చట్టం చేతికి ఇంత పెద్ద కత్తెర ఇచ్చాక కూడా, వాడు ఎక్కడ పనిచేస్తున్నాడో కనిపెట్టి చెప్పాల్సింది తల్లే. కంపెనీ మారితే మళ్లీ కనిపెట్టాలి. ఉద్యోగికి పీఎఫ్ నంబరు ఒక్కటే, పాన్ ఒక్కటే. కంపెనీ మారినా అవి మారవు. వాటిని ఫ్యామిలీ కోర్టుకు కలిపితే సగం తిరుగుడు తగ్గుతుందని నా నమ్మకం.

అయితే అమెరికా పద్ధతికి లొసుగు లేకపోలేదు. జీతం చీటీ ఉన్నవాడి దగ్గరే ఆ యంత్రం బాగా నడుస్తుంది. చేతి డబ్బుకు పనిచేసే పేద తండ్రి మీద బాకీ కొండలా పెరుగుతుంది. లైసెన్సు పోతే పనికి వెళ్లలేడు, పనికి వెళ్లకపోతే కట్టలేడు. దక్షిణ కరోలినాలో లాయరు లేకుండానే ఒక తండ్రిని ఏడాది జైల్లో పెట్టిన కేసు 2011లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జైల్లో ఉన్నవాణ్ణి "కావాలనే పనిచేయనివాడు" కింద లెక్కగట్టొద్దని 2016లో నిబంధన తేవాల్సి వచ్చింది. ఇంకోటి నాకు అసలు మింగుడుపడదు. తల్లి సంక్షేమ సాయం తీసుకుంటుంటే, తండ్రి దగ్గర వసూలైన దాంట్లో పెద్ద భాగం చాలా రాష్ట్రాల్లో సర్కారే ఉంచుకుంటుంది. తండ్రి కట్టాడు, పిల్లాడికి మాత్రం రాలేదు. ఇదేం న్యాయం?

జర్మనీలో 1980 నుంచి వేరే పద్ధతి ఉంది. తండ్రి కట్టకపోతే జిల్లా, నగర స్థాయిలో ఉండే పిల్లల సంక్షేమ కార్యాలయం నెలనెలా తల్లికి డబ్బు వేస్తుంది. 2025 లెక్కన ఐదేళ్లలోపు పిల్లలకు 227 యూరోలు, 6–11 ఏళ్లకు 299, 12–17 ఏళ్లకు 394. 2017కు ముందు 12 ఏళ్ల వయసు దాకా, అదీ మొత్తం మీద ఆరేళ్లే ఇచ్చేవారు. 2017 జులై నుంచి 18 ఏళ్లు నిండేదాకా ఇస్తున్నారు, కాలపరిమితి తీసేశారు. పన్నెండు దాటిన వాళ్లకు మాత్రం తల్లి సంపాదన మీద కొన్ని షరతులున్నాయి. ఆ తర్వాత తండ్రికి అప్పులవాడు సర్కారే. వెతకడం, నోటీసులు, కోర్టు అన్నీ దాని తలనొప్పి. తిరిగి వసూలయ్యేది ఐదో వంతుకు అటూ ఇటూ. పన్ను కట్టేవాడికి అది కడుపుమంటే. కానీ బిడ్డ పాల డబ్బా, పుస్తకాల సంచీ ఆ నెలకు ఆ నెలే వస్తాయి.

మన దగ్గర ఇందులో సగం ఉందని చాలామంది గమనించరు. తెలంగాణలో 2017లో వెయ్యి రూపాయలతో మొదలైన ఒంటరి మహిళల పింఛను తర్వాత 2,016కు పెరిగింది. కేంద్రం మిషన్ వాత్సల్య కింద విడాకులైన, కుటుంబం వదిలేసిన తల్లుల పిల్లలకు, ఆదాయ పరిమితికి లోబడి, నెలకు 4 వేల స్పాన్సర్‌షిప్ ఉంది. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో అడగాలి. అడగ్గానే అందరికీ రాదు, అది వేరే బాధ. సర్కారు ఇక్కడ డబ్బు ఇస్తుంది గానీ, ఆ డబ్బు కోసం తండ్రి తలుపు మాత్రం తట్టదు. వాడి వంతు మనందరం కట్టినట్టే.

మరి అమెరికాలో ఉన్న అల్లుడో? విడ్డూరం ఏమిటంటే, జీతం కోసే యంత్రం గట్టిగా ఉన్న దేశంలోనే వాడున్నాడు, గుంటూరు కోర్టు ఆర్డర్ మాత్రం నేరుగా ఆ యంత్రంలోకి ఎక్కదు. భరణం వసూలుపై దేశాల మధ్య కుదిరిన 2007 హేగ్ ఒప్పందంలో అమెరికా 2017 నుంచి ఉంది, మనం చేరలేదు. అందుకే అతనుండే రాష్ట్రంలోనే కేసు వేసే దారి ముందు కనుక్కోవడం మంచిది. ఇక్కడి కోర్టు వారంట్ ఇస్తే పాస్‌పోర్టు చట్టం 10(3)(హెచ్) కింద అతని భారత పాస్‌పోర్టును స్వాధీనం చేసుకోవచ్చు. పౌరసత్వం మార్చుకున్నవాడి దగ్గర అదీ పనిచేయదు.

జీతం చీటీ ఉన్న తండ్రి అయితే నా ఓటు అమెరికా కోతకే. ఆర్డర్‌లోనే "జీతం నుంచి నేరుగా తల్లి ఖాతాకు" అని రాయించుకోమని లాయరుకు మొదటి రోజే చెప్పండి. కొన్ని కోర్టులు రాస్తాయి కూడా. ఆటో, తాపీ, కౌలు సాగు చేసే తండ్రి అయితే జీతమే లేదు, ఇక కోసేదేముంది? మన ఊళ్లలో ఎక్కువమంది వీళ్లే. అందుకే రెండు రాష్ట్రాలకూ కలిపి ఒక్కటే ఎంచుకోమంటే నేను జర్మనీ వైపు నిలబడతాను. ఐదో వంతే తిరిగొచ్చినా సరే, పింఛను ఇచ్చి ఊరుకునే దానికంటే అది ఎక్కువేగా. జైలు, ఆస్తి దాచి పేదరికం నటించేవాడి కోసం చివర్లో ఉంటే చాలు.

మా పిన్ని కూతురికి పోయిన ఏడాది అతని కొత్త కంపెనీ పేరు ఎవరో చెప్పారు. జప్తు పిటిషన్ వేశాం, మూడు వాయిదాలకు ఆర్డర్ అయింది. ఇప్పుడు నెలనెలా 7వ తేదీన ఫోన్‌కు మెసేజ్ వస్తోంది. మొన్న వరలక్ష్మీ వ్రతం రోజు దండం పెట్టుకుంటూ పిన్ని మెల్లగా అంది, "వాడి ఉద్యోగం చల్లగా ఉండాలి తల్లీ, ఎక్కడికీ మారకుండా."