పల్లవి దొరకని ఆల్బం: ‘కిడ్ ఎ’తో ఇరవై ఏళ్లకు పైనే

2001లో ఎండాకాలం సెలవులకి హైదరాబాద్ వచ్చినప్పుడు ఆబిడ్స్‌లో ఒక క్యాసెట్ల షాపులో రేడియోహెడ్ అనే ఇంగ్లీషు రాక్ బ్యాండు ఆల్బం ‘కిడ్ ఎ’ సీడీ కొన్నాను. నెల మెస్ బిల్లులో సగానికి పైనే అయింది. కాకినాడలో కాలేజీకి తిరిగి వెళ్తూ గౌతమీ ఎక్స్‌ప్రెస్ పై బెర్తులో, అరువు తెచ్చుకున్న సీడీ ప్లేయర్‌లో మొదటిసారి విన్నాను. కాజీపేట దాటకముందే డబ్బులు దండగ అనుకున్నాను. హాస్టల్ చేరాక ఇంకోసారి ఓపిక పట్టి విని, ట్రంకు పెట్టె అడుక్కి తోసేశాను.

ఇప్పుడు అదే సీడీ డబ్బాకి మూత విరిగి రబ్బరు బ్యాండు మీద నిలబడి ఉంది. నా దగ్గరున్న సీడీల్లో అంతగా నలిగింది మరొకటి లేదు. కొత్తలో రాసే రివ్యూలు వేరు, ఇన్నేళ్లు వాడాక రాసేది వేరు. ఏ పాట అరిగిపోయింది, ఏది ఇంకా గట్టిగా ఉంది అన్న లెక్క ఇది.

అప్పట్లో నాకంత కోపం ఎందుకొచ్చిందో చెప్పాలంటే ముందు దీనికంటే ముందొచ్చిన వాళ్ల ఆల్బం ‘ఓకే కంప్యూటర్’ గురించి చెప్పాలి. ఆక్స్‌ఫర్డ్ పక్కన ఆబింగ్డన్‌లో ఒకే బడిలో చదువుకున్న ఐదుగురు కుర్రాళ్ల బ్యాండు రేడియోహెడ్. ‘క్రీప్’ అనే ఒక్క పాటతో పేరొచ్చింది, ఆ పాటతోనే పోతారులే అన్నవాళ్లూ ఉన్నారు. 1997లో ‘ఓకే కంప్యూటర్’ వచ్చి ఆ నోళ్లు మూయించింది. మూడు గిటార్లు, వాటి మీద తేలే గాయకుడు థామ్ యార్క్ గొంతు. ఆ క్యాసెట్‌ని మా హాస్టల్‌కి తెచ్చింది ఒక సీనియర్. ‘కర్మా పోలీస్’ అన్న పేరు చూసి ముందు నవ్వుకున్నాం, తర్వాత ఆ క్యాసెట్ రీలు నలిగేదాకా వదల్లేదు. రీలు చిక్కుపడితే పెన్సిలు దూర్చి తిప్పుకుంటూ మరీ విన్నాం.

అలాంటి ఆల్బం తర్వాత ఏం వస్తుందని ఎదురుచూస్తాం? ఇంకో ‘ఓకే కంప్యూటర్’. 2000 అక్టోబర్‌లో వచ్చిన ‘కిడ్ ఎ’ మొదలవడమే కీబోర్డుతో మొదలైంది. గొంతు ముక్కలు ముక్కలుగా, అటూ ఇటూ ఎగిరిపడుతూ వినిపించింది. రెండో పాటలో అది మనిషి గొంతేనా అని అనుమానం. సీనియర్ దగ్గరికి వెళ్లి, “అన్నా, ఇందులో గిటార్ ఏదన్నా?” అని అడిగాను. “ఉందిరా, దాచిపెట్టారు. వెతుక్కో” అన్నాడు. వెటకారం ఆడుతున్నాడనుకున్నాను. నిజమే చెప్పాడని ఏళ్ల తర్వాత తెలిసింది. ‘ట్రీఫింగర్స్’ అనే పాటలో పొగమంచులా పరుచుకునే ఆ ధ్వనంతా బ్యాండులోని ఎడ్ ఓబ్రయన్ వాయించిన గిటారేనట. దాన్ని రికార్డు చేసి, శాంప్లర్ అనే, రికార్డు చేసిన ధ్వనిని మార్చి వాయించే యంత్రంలో వేసి, సాగదీసి అలా తయారుచేశారు.

నాకు అడ్డం పడింది గిటార్ ఒక్కటే కాదు. మనం సినిమా పాటల మీద పెరిగినవాళ్లం. పల్లవి, చరణం, మళ్లీ పల్లవి. ఎంత దూరం వెళ్లినా పల్లవి దగ్గరికి తిరిగొస్తామన్న ధీమాతో వింటాం. ఈ ఆల్బంలో ఆ ధీమా ఎక్కడా దొరకదు. మాటలు చదువుకుందామంటే సీడీ పుస్తకంలో ఒక్క పాట సాహిత్యమూ అచ్చువేయలేదు. ఉన్నవన్నీ మంచు కొండల బొమ్మలు. యార్క్‌కి ఆ రోజుల్లో పాటలు రాయడం ఆగిపోయిందట. వచ్చిన వాక్యాల్ని చీటీలు రాసి టోపీలో వేసి, చేతికొచ్చింది తీసి పాడాడు. అంటే నేను అర్థం కోసం కొట్టుకున్న చోట్ల రాసినవాడే చిట్టీ తీశాడన్నమాట!

ఇక ఒక్కో పాట వాడకంలో ఎలా నిలిచిందో చూద్దాం.

అన్నిటికంటే గట్టిగా నిలిచింది ‘ఇడియోటెక్’. దీని వెనక కథ నాకు భలే ఇష్టం. బ్యాండులో ఇంకో గిటారిస్టు జానీ గ్రీన్‌వుడ్ యాభై నిమిషాల పాటు తోచినట్టు తయారుచేసిన ధ్వనుల టేపు ఒకటి యార్క్ చేతిలో పెట్టాడు. అందులో నిమిషం కూడా లేని ఒక ముక్క పట్టుకుని యార్క్ పాట కట్టాడు. ఆ ముక్కలో వినిపించే నాలుగు స్వరగుచ్ఛాలు (కార్డ్స్) పాల్ లాన్‌స్కీ అనే అమెరికన్ స్వరకర్త 1973లో కంప్యూటర్ మీద చేసిన రచనలోవి. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో, గదంత కంప్యూటర్ల కాలంలో చేసిన పని అది. ఆ రచనకీ ఈ పాటకీ మధ్య ఇరవై ఏడేళ్లు. ఇప్పుడు ఈ పాటకే దాదాపు అంత వయసు వచ్చింది. నిన్న చేసినదంటే మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు నమ్ముతారు, పరీక్షించి చూశాను.

‘ది నేషనల్ ఆంథెమ్’ కారులో వినే పాట. మొదటి నుంచి చివరిదాకా ఒకటే బేస్ గిటార్ వరస. యార్క్ పదహారేళ్లప్పుడు కట్టుకున్నదట, ఇందులో వాయించిందీ అతనే. మధ్యలో బాకాల బృందం దిగుతుంది. ఎనిమిది మంది ఒకరి మాట ఒకరు వినకుండా ఊదుతారు. సాయంత్రం ఆరున్నరకి గచ్చిబౌలి ఫ్లైఓవర్ కింద ఇరుక్కున్నప్పుడు ఈ పాట పెట్టండి, బయటి హారన్లు ఏవో లోపలి బాకాలు ఏవో తెలియదు. ఒకసారి మా ఆవిడ ఐదు నిమిషాలు ఓర్చుకుని, “ఏవండీ, పాట అయిపోయిందా, పాడైపోయిందా?” అంది. ఇంతకంటే మంచి సమీక్ష ఎవరూ రాయలేరు.

‘హౌ టు డిసపియర్ కంప్లీట్లీ’ మాత్రం మొదటి రోజు నుంచీ నచ్చింది. మామూలు గిటార్ మీద నడిచే పాట కాబట్టి అప్పుడు ఊరట అనిపించింది. ‘ఓకే కంప్యూటర్’ తర్వాత ఊళ్లు తిరిగి తిరిగి అలిసిపోయిన యార్క్‌కి ఆర్.ఈ.ఎం. బ్యాండు గాయకుడు మైకేల్ స్టైప్ ఒక చిట్కా చెప్పాడు: నేనిక్కడ లేను, ఇదేదీ జరగడం లేదు అని లోపల అనుకోమని. ఆ మాటే పాటయింది. వెనక వయొలిన్ల బృందాన్ని ఒక పాత చర్చిలో రికార్డు చేశారు. వాటి మధ్యలోంచి గాల్లో తేలుతూ జారే ధ్వని ఒండ్ మార్టెనో అనే ఫ్రెంచి వాయిద్యానిది. 1928 నాటిది. వేలికి ఉంగరం తొడుక్కుని తీగ వెంట జరుపుతారు. స్వరానికీ స్వరానికీ మధ్య మెట్లుండవు, జారుడే. వీణ మీద తీగ లాగి గమకం పలికించడం చిన్నప్పటి నుంచి విన్న చెవికి ఇది కొత్తగా అనిపించదు. నాకు ఈ ఆల్బంలోకి తలుపు తెరిచింది ఆ జారుడే. ఉద్యోగంలో మొదటి రెండేళ్లు రాత్రి షిఫ్టులు చేసినప్పుడు, తెల్లారి నాలుగింటికి కంపెనీ క్యాబ్‌లో ఈ పాట ఎన్ని వందల సార్లు విన్నానో. అందుకే ఇప్పుడు కాస్త అరిగింది. తప్పు పాటది కాదు, మోతాదు నాది.

‘మార్నింగ్ బెల్’ నాకు చాలాకాలం అంతుచిక్కలేదు. తల ఊపబోతే ఎప్పుడూ ఒక దెబ్బ ముందో వెనకో పడేది. మూడేళ్ల క్రితం మా అక్క కొడుకు కారులో కూర్చుని డాష్‌బోర్డు మీద వేళ్లతో వాయిస్తూ, “మామయ్యా, ఇది ఐదు కదా. తక తకిట, తక తకిట” అన్నాడు. వాడు మృదంగం నేర్చుకుంటున్నాడు. ఇరవై ఏళ్లు నేను నాలుగు అనుకుని తప్పిన లెక్క వాడికి అర నిమిషంలో ఖండచాపుగా దొరికింది. ఆల్బంలో మొదటి పాట వినిపిస్తే కాసేపు చూసి, “ఇది పది” అన్నాడు. ఆ రోజు నుంచి ఆ రెండు పాటలూ నాకు కొత్తవి.

తేలిపోయినవీ ఉన్నాయి. ‘ఇన్ లింబో’ ఇప్పటికీ పేరు చూస్తే తప్ప గుర్తురాదు. ‘ట్రీఫింగర్స్’ తయారీ కథ బాగుంటుంది గానీ, ఎల్పీ రికార్డుకి మొదటి పక్క ముగింపులా మధ్యలో పెట్టిన ఆ మూడున్నర నిమిషాలు నేను పదిసార్లలో ఆరుసార్లు దాటేస్తాను. ‘ఆప్టిమిస్టిక్’ మంచి పాటే. పాత రేడియోహెడ్ అభిమానుల కోసం వదిలిన తాయిలంలా ఉంటుంది, అంతే.

వాడకం గురించి ఒక హెచ్చరిక. ఫోను స్పీకర్‌లో వినకండి, ‘కిడ్ ఎ’ అన్న పాట సగం మాయమైపోతుంది. పాటల వరస కలిపేసి షఫుల్‌లో కూడా వినొద్దు. ‘ఆప్టిమిస్టిక్’ తోక ‘ఇన్ లింబో’ తలలో కలుస్తుంది, ‘ఇడియోటెక్’ ‘మార్నింగ్ బెల్’లోకి నడుస్తుంది. హాస్టల్ రోజుల్లో దీన్ని ఎంపీ3లు చేసి అందరికీ పంచాను. ప్రతి పాట మధ్యా అర సెకను ఖాళీ వచ్చి, అతుకులన్నీ తెగిపోయాయి. ఆ కాపీలు విన్నవాళ్లలో ఒక్కరికీ ఆల్బం నచ్చలేదు. ఆ పాపం నాదే.

ఆల్బం నుంచి విడిగా అమ్మే సింగిల్స్ లేవు, వీడియోలు లేవు, టీవీ కోసం ‘బ్లిప్స్’ అని చిన్న చిన్న బొమ్మల ముక్కలు వదిలారు, అంతే. విడుదలకు ముందే ఇంటర్నెట్‌లో పాటలు పంచుకునే నాప్‌స్టర్‌లో లీకైపోయింది కూడా. అయినా బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ మొదటి స్థానంలో నిలిచింది. అమెరికాలో వాళ్లకి అదే తొలిసారి. నాలా కొని ట్రంకు పెట్టెలో పడేసినవాళ్లు అందులో ఎందరున్నారో!

చివరి పాట ‘మోషన్ పిక్చర్ సౌండ్‌ట్రాక్’. పాత హార్మోనియంలా రొప్పే వాయిద్యం, పైన హార్ప్ మీటులు. మూడు నిమిషాల పైన కాసేపటికి పాట ఆగిపోతుంది. నేనూ స్టాప్ నొక్కేసేవాణ్ణి, ఎప్పుడూ అంతే. 2009లో ఒకసారి జ్వరంతో పడుకుని, ఇయర్‌ఫోన్లు తీయకుండానే మగత పట్టింది. పాట అయిపోయింది. దాదాపు నిమిషం పాటు ఏమీ లేదు. అప్పుడు చెవుల్లో ఒక్కసారిగా వెలుగులాంటి ధ్వని లేచి, కొన్ని క్షణాలు నిలిచి, తగ్గిపోయింది. ఉలిక్కిపడి లేచి ప్లేయర్ వైపు చూశాను. సీడీ ఇంకా తిరుగుతూనే ఉంది.