హనుమకొండలో ఒక తెలుగు తరగతి, ‘పట్టు’ పాఠం

మా కోడలిది చంద్రపూర్, ఇంటి భాష మరాఠీ. పెళ్లయి కాజీపేటకు వచ్చి ఏడాది దాటినా ఆమె తెలుగు నాలుగు ముక్కల దగ్గరే ఆగిపోవడంతో, తెలుగు రానివారికోసం హనుమకొండలో సాయంత్రం పూట నడిపే ఒక తరగతిలో 6 వారాలకు రూ. 3,000 కట్టి చేర్పించాము.

గది ఇరుకు, ఫ్యాన్ల చప్పుడు ఎక్కువ. అయితే ‘పట్టు’ అనే ఒక్క క్రియకు అక్కడి ఉపాధ్యాయురాలు ఏకంగా 3 తరగతులు కేటాయించిన తీరు మాత్రం మెచ్చుకోదగినది. అర్థాల పట్టిక రాయించి బట్టీ పట్టించకుండా, వాక్యంలో ‘కు’ ఎవరికి చేరిందో, పట్టేది ఎవరో చూడమన్నారు. ‘పిల్లకు జలుబు పట్టింది’ అన్నప్పుడు పట్టినది జలుబు. ‘తల్లి పిల్లకు పాలు పట్టింది’ అన్నప్పుడు పట్టినది తల్లి. ‘నాకు నిద్ర పట్టింది’ అన్న వాక్యాన్ని మా కోడలు ‘మలా ఝోప్ లాగలీ’ అన్న తన మరాఠీ వాక్యంతో తనంతట తానే జోడించుకుంది. ప్రయాణానికి గంట పట్టడం కూడా ఆ ‘లాగణే’ క్రియతోనే కుదిరింది గానీ, చేపలు పట్టడం దగ్గర ఆ పోలిక పనిచేయలేదు.

అసలు చిక్కు ఆ చేపల దగ్గరే ఉంది. ‘చేపలు పట్టాడు’, ‘కింద పడ్డాడు’ అన్నంతవరకు తేడా స్పష్టమే. రేపటి సంగతిగా చెబితే రెండూ ‘పడతాడు’ అవుతాయి. ‘కొట్టు’ ‘కొడతాడు’ అయినట్లే ‘పట్టు’ కూడా ‘పడతాడు’ అవుతుందని ఉపాధ్యాయురాలు వివరించేదాకా, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తెలుగు మాట్లాడుతున్న నాకే అది తట్టలేదు.

లోపమల్లా ‘పట్టించు’ను ఐదో వారం దాకా వాయిదా వేయడం. ఈలోగా కోడలు ఎండిన చపాట రకం మిరపకాయలతో గిర్నికి (పిండిమరకు) వెళ్లి ‘కారం పట్టుకోవాలి’ అనగానే, గిర్ని అతను వేరెవరిదో కారం డబ్బా ఆమె చేతిలో పెట్టాడు. అక్కడ అనవలసిన మాట ‘పట్టియ్యాలె’, అంటే ‘పట్టించాలి’. పాఠంలో ‘పడుతుంది’ నేర్చుకున్నవారికి ఆటోలో ‘20 నిమిషాలు పడ్తది’ అని వినిపిస్తే అది వేరే మాటేమో అనిపిస్తుంది. రెండో స్థాయికి రుసుము కట్టేముందు, ఇక్కడి ఈ రూపాలు కూడా చెబుతారా అని అడిగి, ఔనంటేనే చేర్పిస్తాను.